గుర్రం చెప్పిన కథ

మోటారు వాహనాలు రాకపూర్వం నగరాల బరువంతా గుర్రాలే మోసేవి. మన దేశంలో రైలు స్టేషన్ల ముందు జట్కాలు, టాంగాలు బారులు తీరి నిలిచేవి. ఇంగ్లండులో ధనవంతుల కోచిబండ్లు, బాడుగ బండ్లు, బొగ్గు బండ్లు, చివరకు శవాన్ని మోసుకుపోయే బండ్లు కూడా గుర్రాలతోనే నడిచేవి. ఇంత ఊడిగం చేసే జంతువుకు నొప్పి పుడితే చెప్పుకోవడానికి నోరు లేదు. ఆ మూగజీవికి మాట ఇచ్చిన రచయిత్రి ఆనా స్యూయెల్. ఆమె తన జీవితకాలంలో ఒకే ఒక నవల రాసింది. ఆ నవల పేరు ‘బ్లాక్ బ్యూటీ’.

ఆనా 1820 మార్చి 30న ఇంగ్లండు తూర్పుతీరంలో, నార్‌ఫోక్ మండలంలోని గ్రేట్ యార్మత్ అనే రేవుపట్టణంలో జన్మించింది. తండ్రి ఐజక్ స్యూయెల్, తల్లి మేరీ. వారిది క్వేకర్ల కుటుంబం. క్వేకర్లు క్రైస్తవులలో ఒక శాఖవారు. నిరాడంబరంగా జీవించడం, యుద్ధానికీ హింసకూ దూరంగా ఉండడం వారి నియమాలు. ఐజక్ వ్యాపారం చేసేవాడు. అది కలిసిరాలేదు. కుటుంబం లండను చేరింది. అక్కడా నష్టమే మిగిలింది. ఆనాకు ఫిలిప్ అనే తమ్ముడు ఉండేవాడు. పిల్లలిద్దరికీ తల్లే ఇంటివద్ద చదువు చెప్పింది. మేరీకి పల్లెజీవనం అంటే ప్రీతి. నార్‌ఫోక్‌లో బక్స్‌టన్ అనే గ్రామంలో ఆమె పుట్టింటివారికి పొలం ఉండేది. సెలవులకు పిల్లలు అక్కడికి వెళ్ళేవారు. ఆనా గుర్రపుస్వారీ నేర్చుకొన్నది ఆ పల్లెలోనే. ఏ జంతువునైనా బాధపెట్టడం ఆ ఇంట్లో పెద్ద తప్పుగా ఎంచేవారు.

ఆనాకు పదునాలుగేళ్ళు వచ్చాయి. ఒకనాడు బడి నుంచి ఇంటికి వస్తుండగా వాన పట్టుకొన్నది. తడవకుండా త్వరగా ఇల్లు చేరాలని పరుగెత్తింది. కాలు జారి పడింది. రెండు చీలమండలూ దెబ్బతిన్నాయి. మొదట అదొక చిన్న బెణుకు అనుకొన్నారు. కాని నొప్పి తగ్గలేదు. సరైన వైద్యం అందకపోవడం వల్లనే ఆ దెబ్బ బహుశా శాశ్వతమైన అవిటితనంగా మారిందని ఆమె చరిత్ర రాసినవారు భావించారు. అప్పటి నుంచి ఆమె ఎక్కువసేపు నిలబడలేకపోయింది. కొంతదూరమైనా ఊతం లేకుండా నడవలేకపోయింది. ఒక్కొక్కప్పుడు కాస్త కుదుటపడినట్లు కనిపించేది. మళ్ళీ మంచం పట్టేది. అలా నలభై నాలుగేళ్ళు గడిచాయి.

సముద్రపు గాలి మేలు చేస్తుందన్న ఆశతో 1836లో కుటుంబం బ్రైటన్ పట్టణానికి మారింది. తండ్రికి అక్కడ బ్యాంకు ఉద్యోగం దొరికింది. తరువాత 1845లో సమీపంలోని లాన్సింగ్ అనే ఊరికి చేరారు. తండ్రిని రైలు స్టేషన్ వద్ద దించి, సాయంత్రం తిరిగి తీసుకురావడం ఆనా పని. చిన్న గుర్రబ్బండిని ఆమె స్వయంగా తోలేది. కాళ్ళు కదలని మనిషికి గుర్రమే కాళ్ళు. ఇల్లు దాటి నాలుగడుగులు వేయాలన్నా, చెట్టునీ చేనునూ చూడాలన్నా, ఒక మనిషిని పలకరించాలన్నా ఆమెకు గుర్రం కావాలి. అందుచేతనే ఆమె గుర్రాన్ని అంత నిశితంగా గమనించగలిగిందేమో!

ఆమె బండి తోలే తీరును చూసిన ఒక స్నేహితురాలు ఆ విషయాన్ని తరువాత గుర్తుచేసుకొన్నది. ఆనా పగ్గాలను బిగించి లాగేది కాదు. వాటిని చేతిలో ఊరకే వదులుగా పట్టుకొని, మనిషితో మాట్లాడినట్లు గుర్రంతో మాట్లాడుతూ పోయేది. ఎటు తిరగాలో, ఎక్కడ నెమ్మదించాలో ఆమె గొంతు విని గుర్రం తెలుసుకొనేది.

కాళ్ళు బాగుపడాలని ఆనా ఐరోపాలోని ఔషధ జలాల ఊళ్ళకు కూడా వెళ్ళివచ్చింది. కొంత ఉపశమనం కలిగింది, అంతే. ఆమె పెండ్లి చేసుకోలేదు. తల్లికి తోడుగా ఉండిపోయింది. తల్లి మేరీ పేదవారి కోసం, పిల్లల కోసం తేలికమాటలతో పద్యాలు రాసి పేరు తెచ్చుకొన్నది. ఆ రచనలను అచ్చుకు ముందు చదివి, బాగోగులు చెప్పి, దిద్దేది ఆనాయే. మాట ఎంత సరళంగా ఉంటే అంత దూరం పోతుందని ఆమె ఆ పనిలోనే నేర్చుకొని ఉండాలి.

1866లో ఫిలిప్ భార్య చనిపోయింది. ఏడుగురు పిల్లలు తల్లిలేనివారయ్యారు. వారికి దగ్గరగా ఉండడానికి 1867లో ఆనా, తల్లిదండ్రులతో కలిసి నార్విచ్ నగరం చేరువలోని ఓల్డ్ కాటన్ గ్రామానికి వచ్చింది. ఫిలిప్‌కు బెస్ అనే నల్లని గుర్రం ఉండేది. నవలలోని గుర్రానికి అదే మూలమని చెబుతారు.

1871లో ఆమె ఆరోగ్యం బాగా చెడింది. ఎక్కువకాలం బతకదని వైద్యులు అనుకొన్నారు. ఆ సంవత్సరమే ఆమె ఒక గుర్రం జీవితకథ రాయడానికి పూనుకొన్నది. పని సాగినది తక్కువ, ఆగినది ఎక్కువ. కొన్ని సంవత్సరాలు కాగితమే ముట్టుకోలేకపోయింది. ఓపిక ఉన్ననాడు సోఫాలో పడుకొని తల్లికి చెప్పి రాయించేది. మరికొన్నినాళ్ళు చిన్నచిన్న చీటీల మీద పెన్సిలుతో నాలుగు వాక్యాలు రాసేది. డెబ్బై ఏళ్ళు దాటిన తల్లి వాటిని తీసుకొని శుభ్రంగా తిరగరాసేది. తమ ఇంటి ముందు ఆగిన ఒక బాడుగబండి అతనితో జరిగిన సంభాషణ కూడా ఆ కథలోకి వచ్చింది. ఆరేళ్ళకు పుస్తకం పూర్తయింది.

ఈ పుస్తకాన్ని ఇప్పుడు పిల్లల పుస్తకంగా చదువుతున్నారు. ఆమె ఉద్దేశం వేరు. లాయాలలో పనిచేసే కుర్రవాళ్ళు, బండ్లు తోలేవారు, గుర్రాలను కొని అమ్మేవారు దీనిని చదవాలని ఆమె కోరిక. అందుకే కథను గుర్రమే స్వయంగా చెప్పుకొన్నట్లు రాసింది. పుస్తకం మొదటి పుటలో ఆమె తనను రచయిత్రి అని చెప్పుకోలేదు. అశ్వభాష నుంచి అనువదించిన మనిషిగా మాత్రమే పేర్కొన్నది.

ఈ నవలలో పాఠకులు మరచిపోలేని ఘట్టం ఒకటి ఉంది. బ్లాక్ బ్యూటీ ఉన్నట్టుండి జబ్బుపడిన ఘట్టం అది.

బ్లాక్ బ్యూటీ యజమాని గార్డన్ దొర. ఆయన లాయానికి పెద్ద జాన్ మాన్లీ. జాన్‌కు ఆ గుర్రమంటే ప్రాణం. ఒకరాత్రి దొరసానికి ప్రాణాపాయం వచ్చింది. వైద్యుడు ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్నాడు. జాన్ గుర్రమెక్కి చీకట్లో పరుగెత్తించాడు. తీరా చేరాక వైద్యుని స్వంత గుర్రం రోజంతా తిరిగి అలసిపోయి ఉంది. గత్యంతరం లేక ఆయన బ్లాక్ బ్యూటీనే ఎక్కి బయలుదేరాడు. జాన్ వెనుక నడిచి వస్తున్నాడు. వైద్యుడు భారీ మనిషి, స్వారీలో అంత నేర్పరి కాడు. అయినా గుర్రం తన శక్తినంతా కూడగట్టుకొని పరుగెత్తింది. ఇల్లు చేరేసరికి ఒళ్ళంతా చెమట ధారలు కడుతున్నది. కాళ్ళు వణుకుతున్నాయి.

ఆ సమయాన లాయంలో ఉన్నది జో గ్రీన్ ఒక్కడే. వాడు పద్నాలుగేళ్ళు దాటిన కుర్రవాడు, పనికి కొత్త. గుర్రం కాళ్ళూ రొమ్మూ తుడిచాడు. ఒళ్ళు కాలిపోతున్నది కదా, కంబళి కప్పితే ఉక్కపోస్తుందని కప్పలేదు. బాల్చీ నిండా చల్లటి నీళ్ళు పెట్టాడు. గడ్డీ దాణా వేశాడు. చేయవలసినదంతా చేశాననుకొని ఇంటికి వెళ్ళి పడుకొన్నాడు. కొంతసేపటికి గుర్రానికి చలి పుట్టింది. నడుము, రొమ్ము, కాళ్ళు ఒకటే నొప్పి. గడ్డిమీద పడుకొని జాన్ కోసం ఎదురుచూసింది. జాన్ ఎనిమిది మైళ్ళు నడిచి రావాలి. చాలాసేపటికి అతను వచ్చాడు. మూలుగు విని పరుగున లోపలికి వెళ్ళాడు. రెండు మూడు కంబళ్ళు కప్పాడు. వేడినీళ్ళు తెచ్చి, వేడి గంజి కాచి తాగించాడు. జో మీద అతనికి పట్టరాని కోపం వచ్చింది.

గుర్రం ఊపిరితిత్తులు వాచాయి. గాలి పీల్చిన ప్రతిసారీ నొప్పే. జాన్ పగలూ రాత్రీ సేవ చేశాడు. రాత్రి రెండు మూడుసార్లు లేచి వచ్చి చూసేవాడు. దొర తరచు వచ్చి పలకరించేవాడు. చప్పుడు కాకూడదని పక్కనున్న గుర్రాలను వేరే లాయానికి మార్చారు. గుర్రాల వైద్యుడు రోజూ వచ్చాడు. ఒకనాడు మెడ దగ్గర నరం కోసి రక్తం తీశాడు. అది ఆ కాలపు చికిత్స.

ఒక రాత్రి మందు పోయడానికి సాయంగా జో తండ్రి టామ్ వచ్చాడు. పని అయిన తరువాత జాన్‌ను ఒక మాట అడిగాడు. పిల్లవాడు తిండి తినడం లేదు. గుర్రం చనిపోతే ఇక తన ముఖం ఎవరూ చూడరని కుమిలిపోతున్నాడు. వానితో ఒక మంచిమాట చెప్పమని ఆ తండ్రి వేడుకొన్నాడు. కుర్రవానికి చెడుబుద్ధి లేదని జాన్‌కూ తెలుసు. అయినా మనసు వెంటనే మెత్తబడలేదు. తెలియక చేశాడని టామ్ అనేసరికి జాన్ మళ్ళీ మండిపడ్డాడు. దుర్మార్గం తరువాత లోకానికి ఎక్కువ కీడు చేసేది తెలియనితనమే అన్నది అతని వాదం. చేతిలో ప్రాణం ఉన్నప్పుడు తెలియదంటే సరిపోతుందా? చివరకు, మరునాటికి గుర్రం కాస్త కుదుటపడితే పిల్లవానితో మాట్లాడతానని ఒప్పుకొన్నాడు.

ఈ ఘట్టంలో ఆనా ఎవరిని నేరస్థుణ్ణి చేసింది? జోను కాదు. అతను సోమరి కాడు, క్రూరుడూ కాడు. తనకు తెలిసినంతలో మంచిగానే చూశాడు. తెలియని పనిని తెలిసినట్లు చేసి, ఎవరినీ అడగకుండా వెళ్ళి పడుకొన్నాడు. చిన్ననాటి దెబ్బకు తగిన వైద్యం దొరకక జీవితమంతా నష్టపోయిన మనిషి ఈ ఘట్టం రాసిందని జ్ఞాపకం పెట్టుకొంటే, జాన్ కోపం ఎక్కడిదో కొంత అర్థమవుతుంది.

వైద్యం అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. ఊపిరితిత్తుల వాపుకు సూక్ష్మజీవులు కారణమవుతాయని, మితిమీరిన అలసట శరీరంలోని నిరోధకశక్తిని తగ్గిస్తుందని ఈనాడు తెలుసు. అటువంటి జబ్బుకు రక్తం తీయడం చికిత్స కాదు. పరుగెత్తి వచ్చిన గుర్రానికి చల్లటి నీళ్ళు ఇవ్వరాదన్న పాతనమ్మకాన్ని కూడా నేటి పశువైద్యులు ఒప్పుకోరు. కాబట్టి జో పెట్టిన బాల్చీడు నీళ్ళే ఇంత అనర్థం తెచ్చాయని నేటి పాఠకుడు అనుకోనక్కరలేదు. కాని గుర్రాన్ని చూసుకోవడంలో మారని విషయాలు కొన్ని ఉన్నాయి. విశ్రాంతిగా ఉన్న గుర్రం నిమిషానికి సుమారు 8 నుంచి 16 సార్లు ఊపిరి పీలుస్తుంది. దాని నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకొంటుంది. ఊపిరి వేగం తగ్గకపోయినా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, మేత ముట్టకపోయినా, ఊరకే చెమటలు పడుతున్నా జబ్బు లోపల మొదలైందన్నమాట. అప్పుడు తెల్లవారేదాకా ఆగరాదు. జాన్ ఆ రాత్రి లాయం తలుపు తీసి వినగానే కనిపెట్టింది ఇదే.

బ్లాక్ బ్యూటీ క్రమంగా కోలుకొన్నది. జో పని నేర్చుకొన్నాడు. కొంతకాలానికి వాడు దారిలో ఒక దృశ్యం చూశాడు. ఇటుకలు మోసే బండి బురదలో దిగబడింది. తోలేవాడు గుర్రాలను చావబాదుతున్నాడు. జో వద్దన్నాడు, బండి తేలిక చేయడానికి సాయం చేస్తానన్నాడు. అతను వినకపోతే నేరుగా యజమాని ఇంటికి పోయి చెప్పాడు. న్యాయాధికారి ముందు సాక్ష్యం కూడా ఇచ్చాడు.

తరువాతి కథ చాలా ఇళ్ళు మారిన గుర్రం కథ. అందులో ఆనా తీవ్రంగా ఖండించిన ఆచారం ఒకటి ఉంది. ఆ రోజుల్లో గొప్పవారి బండ్లకు కట్టిన గుర్రాలు తల పైకెత్తి నిలబడడం సోకు. ఇందుకోసం కళ్ళెం నుంచి వీపుమీది పట్టెడకు ఒక ప్రత్యేకమైన పగ్గం బిగించేవారు. దానిని బేరింగ్ రెయిన్ అనేవారు. అది ఉంటే గుర్రం తల దించలేదు. ఎద్దు మిట్ట ఎక్కేటప్పుడు మెడ వంచి, బరువును భుజాలపైకి తెచ్చుకొని లాగడం మనం చూస్తాం. గుర్రమూ అంతే. తల కట్టివేస్తే దాని బలం సగం వృథా అవుతుంది. మెడ, నడుము నొప్పిపెడతాయి. గొంతు నొక్కుకొని ఊపిరి సరిగా ఆడదు. చూసేవారికి ఠీవి, మోసేదానికి నరకం. 1875లో ఎడ్వర్డ్ ఫోర్ధమ్ ఫ్లవర్ అనే ఆయన కూడా దీనిని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. ఆనా మాత్రం ఆ నొప్పిని గుర్రం నోటితోనే చెప్పించింది. జింజర్ అనే ఆడగుర్రం ఆ పగ్గానికి తిరగబడి, చేతులు మారి, చివరకు బాడుగబండి కింద అరిగిపోయి చనిపోతుంది. చదివిన పిల్లలలో జింజర్ కోసం కంటతడి పెట్టనివారు తక్కువ.

బ్లాక్ బ్యూటీ కూడా లండను వీథుల్లో బాడుగబండి లాగింది. మంచి యజమానిని చూసింది, కఠినుణ్ణీ చూసింది. ఒకనాడు బరువు లాగలేక లడ్‌గేట్ హిల్ ఎగువలో కూలిపోయింది. చివరకు ఒక దయగల ఇల్లు చేరింది. అక్కడ లాయం చూసే యువకుడు దానిని శుభ్రం చేస్తూ మెడ తడిమాడు. చర్మం కింద చిన్న ముడి వంటిది తగిలింది. వెనుకటి జబ్బులో రక్తం తీసినచోట మిగిలిన గుర్తు అది. దానితో అతను గుర్రాన్ని పోల్చుకొన్నాడు. ఆ యువకుడే జో గ్రీన్.

1877 నవంబరులో నార్విచ్‌లోని జారల్డ్ సంస్థ ఈ నవలను ప్రచురించింది. ఆనా తన హక్కులన్నింటినీ ఒకేసారి స్వల్ప మొత్తానికి అమ్మివేసింది. అప్పటికి ఆమెకు యాభై ఏడేళ్ళు. పుస్తకాన్ని జనం ఆదరిస్తున్నారని తెలుసుకొనేంతవరకే బతికింది. 1878 ఏప్రిల్ 25న, పుస్తకం వెలువడిన అయిదు నెలలకు, ఓల్డ్ కాటన్‌లోని ఇంటిలో కన్నుమూసింది. బక్స్‌టన్ దగ్గరి లామాస్ గ్రామంలో క్వేకర్ల శ్మశానంలో ఆమెను ఖననం చేశారు.

అంత్యక్రియల నాడు శవవాహనం ఇంటి ముందుకు వచ్చింది. దానికి కట్టిన గుర్రాలకు అలవాటు చొప్పున బేరింగ్ రెయిన్ బిగించి ఉంది. తల్లి మేరీ అది చూసింది. కుమార్తెను పోగొట్టుకొన్న ఎనభై ఏళ్ళ వృద్ధురాలు ఆ క్షణంలో కూడా ఊరుకోలేదు. ఆ పగ్గాలు విప్పించిన తరువాతనే బండి కదలనిచ్చింది. ఆమె మరి ఆరేళ్ళు బతికి 1884లో మరణించింది.

బేరింగ్ రెయిన్ ఒక్కరోజులో పోలేదు. ఒక్క పుస్తకం వల్లనే పోయిందనడమూ సరికాదు. ఫ్లవర్ వంటివారు, జంతుసంక్షేమ సంఘాలు ఎంతో శ్రమించాయి. 1890లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జంతుహింసా నివారణ సంఘాన్ని నడుపుతున్న జార్జ్ ఏంజెల్ ఈ నవలను చౌకగా అచ్చు వేయించాడు. లక్షల ప్రతులు వెలువడ్డాయి. వాటిలో ఎన్నో ప్రతులను బండ్లు తోలేవారికీ, లాయాలలో పనిచేసే కుర్రవాళ్ళకూ ఉచితంగా పంచిపెట్టారు.